‘జెంటూ’ యను నొక మాట చరిత్ర

మనము పాఠశాలలో నేర్చు నాంగ్లము వేఱు. ఓడరేవులలోను, సైనిక శిబిరములలోను, ఆటస్థలములలోను వినవచ్చు నాంగ్లము వేఱు. ఈ రెండవదానిలో నిఘంటువునకు లోబడని మాటలు మెండుగా నుండును. వానిని ఆంగ్లేయులు ‘స్లాంగ్’ అందురు. బజారు పలుకు అని మనము చెప్పుకొనవచ్చును. అట్టి మాట యొకరి నోట నొక యర్థము నిచ్చును, మఱియొకరి నోట వేఱొక యర్థము నిచ్చును. ఊరు మారినచో నర్థము మారును. కొంతకాలము గడచినచో మాటయే మాయమై, ఎవ్వరు నెదురుచూడని చోట మరల తలయెత్తును.

ఇట్టి మాటలలో తెలుగువారికి మిక్కిలి దగ్గఱ చుట్టఱికము గల దొకటి కలదు. అది మనకే పెట్టబడిన పేరు. నూటయేబది యేండ్లకు పైగా చెన్నపట్టణపు తెల్లదొరలు మన భాషను ‘జెంటూ’ యనిరి. మనలను ‘జెంటూలు’ అనిరి. నేడు మన విద్యార్థులలో నీ మాట విన్నవా రరుదు. విన్నవారును దానిని కంప్యూటరు పుస్తకములలో చూచినవారే గాని, అది తమ తాతముత్తాతల పేరని యెఱుగరు. కావున దాని పుట్టుపూర్వోత్తరములను ఈ సంచికలో కొంచెము విచారింప దలచితిమి.

లాటిను భాషలో ‘జెంటిలిస్’ అను పదము కలదు. ఒక వంశమునకు, లేక ఒక జనమునకు చెందినవాడని దాని యర్థము. ఈ యొక్క తల్లికి పుట్టిన బిడ్డలు రెండు దారుల నడచిరి. వంశము గలవాడు, మంచి వంశమువాడు, మర్యాదస్థుడు అను దారిని పోయినది ‘జెంటిల్’ అను మాట. ‘జెంటిల్‌మన్’ అని మనము గౌరవముగా పలుకునది దీనినుండియే వచ్చినది. రెండవ దారి వేఱు. యూదులు తాము గాక మిగిలిన జనములను ‘గోయిమ్’ అనిరి. జనములని దానికి మూలార్థము. ఆ యర్థమునే లాటినువారు తమ భాషలోనికి తెచ్చుకొనగా, ‘జనములకు చెందినవాడు’ అనిన ‘మనలో చేరనివాడు’ అను నర్థము కుదిరినది. ఆంగ్లములో ‘జెంటైల్’ అని నిలిచిన దిదియే. తెలుగు బైబిలు చదివినవారికి దీని తెలుగు బాగుగ తెలియును: అన్యజనులు. పోర్చుగీసు భాషలో నీ పదమే ‘జెంతియు’ అయినది. ఆ జెంతియు ఆంగ్లేయుల నాలుకపై నరిగి యరిగి ‘జెంటూ’ యైనది. మర్యాదస్థుడును, అన్యజనుడును, తెలుగువాడును ఒకే తల్లి బిడ్డలన్న మాట! తరగతిలో ‘జెంటిల్‌మన్’ అను పదమునకు అక్షరక్రమము వ్రాయు బాలుడు తన పాత పేరునకు అన్నగారి పేరు వ్రాయుచున్నాడని యెఱుగడు.

పోర్చుగీసువారు ఈ పేరును వెంటనే పెట్టలేదు. 1498వ సంవత్సరమున వాస్కోడగామా కోళిక్కోడు చేరినప్పుడు, అతడును అతని యనుచరులును అచ్చటి దేవాలయమును చూచి క్రైస్తవాలయమని భ్రమపడి ప్రార్థించిరి. హిందువులను కూడ ఏదో యొక తెగ క్రైస్తవులే యని తలచిరి. కొంతకాలమునకు భ్రమ తీఱినది. అప్పుడు జనులను రెండుగా విభజించుకొనిరి. తమ దేశమునకు పొరుగున మొరాకో మహమ్మదీయులతో పోరాడిన యలవాటుచే నిచ్చటి మహమ్మదీయులను ‘మోరు’లనిరి; మిగిలినవారిని ‘జెంతియు’లనిరి. తరువాత వచ్చిన ఆంగ్లేయులు తీరమంతట వాడుకలోనున్న పోర్చుగీసు భాషతోనే బేరసారములు మొదట సాగించిరి గాన ఈ రెండు మాటలను అట్లే యెత్తుకొనిరి. వ్రాతలో మాత్ర మొకడు జెంటియూ యనియు, ఒకడు జెంటూ యనియు, తోచినట్లు వ్రాసెను. చెవితో పట్టిన మాటకు అక్షరక్రమ మేమి?

మొదటి యర్థ మింత: హిందువు. బంగాళములో నీ యర్థమే నిలిచెను. వారన్ హేస్టింగ్సు పదునొకండుగురు పండితులను కూర్చి, హిందువుల వ్యవహార ధర్మములను సంస్కృతమున సంగ్రహింపజేసెను. దానిని పారసీకములోనికి మార్పించిరి. ఆ పారసీకమునుండి నథానియేల్ బ్రాసీ హాల్‌హెడ్ అను కంపెనీ యుద్యోగి ఆంగ్లీకరించెను. 1776లో లండనులో అచ్చుపడిన ఆ గ్రంథము పేరు ‘ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్’. దక్షిణదేశపు వాడుక నెఱిగినవారు ఈ పేరు చూచి ఇది తెలుగువారి ధర్మశాస్త్రమని పొరబడుటకు వీలున్నది. ఆ పుస్తకమునకు తెలుగుదేశముతో నేమియు ప్రత్యేక సంబంధము లేదు. బంగాళపు న్యాయస్థానములకొఱకు బంగాళములోనే కూర్చిన సంగ్రహమది.

హాల్‌హెడ్ తన పీఠికలో జెంటూ శబ్దమునకు వ్యుత్పత్తి చెప్ప బూనుకొని, సంస్కృతమున ప్రాణిమాత్రమునకును, విశేషించి మనుష్యునకును చెల్లు పదమొకటి కలదని వ్రాసెను. అది యేదో చదువరులు గ్రహించియే యుందురు. జంతువు! ఈ దేశస్థుల నోట ఆ పదము వినివిని పోర్చుగీసువారు దానినే పేరుగా పెట్టియుందురనియు, తమ భాషలోని అన్యజనవాచకమును దానితో ముడివేసియుందురనియు అతని యూహ. సంస్కృతములో జంతు శబ్దమునకు పుట్టిన ప్రాణి యని గౌరవమైన యర్థమే యున్నమాట నిజమే. కాని తెలుగు చెవికి ఈ వ్యుత్పత్తి యెట్లు వినబడునో హాల్‌హెడ్ పండితు డెఱుగడు. పోర్చుగీసు మూలమే సరియని తరువాతి వారు తేల్చిరి గాన మన మానము దక్కినది.

ఇక చెన్నపట్టణమునకు వత్తము. అచ్చట ఈ మాట యర్థము కుంచించుకొని హిందువులందఱిని విడిచి తెలుగువారిపై వ్రాలెను. 1639లో ఆంగ్లేయులకు ఆ చోటు నిచ్చినవారు దామెర్ల నాయకులు, తెలుగు ప్రభువులు. చెన్నపట్టణమను పేరే దామెర్ల చెన్నప్పనాయకుని పేర వచ్చినదందురు. కోట చుట్టును తమిళులు, తెలుగువారు కలసి నివసించిరి. తమిళులకు దొర లంతకుముందే ‘మలబారులు’ అను పేరు తగిలించియుండిరి. పోర్చుగీసువారు మలబారు తీరమున మొదట దిగి, అచ్చటి పలుకును, ఈ తీరపు తమిళమును ఒకటే యనుకొనుటవలన కలిగిన పొరపాటిది. తరంగంబాడిలో 1706 నుండి పనిచేసిన జర్మను మిషనరీలు సైతము తమిళమును మలబారు భాష యనియే వ్రాసిరి. తమిళునకు మలబారని పేరు కుదిరినపిమ్మట, జెంటూ యను పేరు తెలుగువానికి మిగిలినది.

తెలుగువారికే యీ పేరు ప్రత్యేకించుటకు మఱియొక కారణమును యూల్, బర్నెల్ అను నిరువురు విద్వాంసులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువులో చూపిరి. ఆంగ్లేయులు భారతదేశమున వాడిన వాడుకమాటల కోశమది. స్లాంగ్ నకు భాండాగారమనవచ్చును. పోర్చుగీసువారు వచ్చునాటికి దక్షిణమున విజయనగర సామ్రాజ్యము ప్రబలియుండెననియు, దాని యధికారులలో తెలుగువారు పెక్కండ్రనియు, కావున హిందువులలో ప్రముఖులని తోచిన తెలుగువారే జెంటూలుగా లెక్కకు వచ్చిరనియు వారి యభిప్రాయము. మాకును ఇది యుచితముగానే తోచుచున్నది. రాజ్యము చేసిన గౌరవమునకు ఫలముగా అన్యజనులని బిరుదు దొరికినది, బాగున్నది!

అయితే తెలుగుగడ్డపై తిరిగిన ఆంగ్లేయులకు అసలు పేరు తెలియకపోలేదు. మచిలీపట్టణములో 1611 నుండియు వారి వర్తకశాల యుండెను. 1673 ప్రాంతమున అచ్చటికి వచ్చిన జాన్ ఫ్రయర్ అను కంపెనీ వైద్యుడు, ఇచ్చటి జనుల పలుకును సామాన్యముగా జెంటూ యందురు గాని, దాని సొంత పేరు తెలింగ యని తన యాత్రాగ్రంథమున స్పష్టముగా వ్రాసెను. అది 1698లో అచ్చయ్యెను. అనగా చుట్టములకు పిలుపు పేరొకటి, రికార్డుకు పేరొకటి యైనట్లు, రెండును పక్కపక్కనే నడచినవి.

ఇచ్చట మన యూరి మాట చెప్పవలసియున్నది. సామర్లకోటలో కంపెనీ సైన్య ముండినదని పెద్దలు చెప్పుకొనుట కలదు. ఆ సైన్యమునకు వైద్యుడుగా 1781లో వచ్చిన విలియం రాక్స్‌బర్గు 1793 వఱకు ఇచ్చటనే యుండి తోటలు వేసి, మిరియము, నీలి, చెఱకు మున్నగువానిని పరీక్షించుచు, చుట్టుపట్ల గల చెట్టుచేమల నన్నింటిని పరిశోధించెను. స్థానిక చిత్రకారులచే వాని బొమ్మలు వ్రాయించెను. అందునుండి ఏర్చిన మూడువందల పటములతో ‘కోరమండల తీరపు మొక్కలు’ అను మూడు సంపుటముల గ్రంథము 1795 మొదలు 1820 వఱకు లండనులో వెలువడెను. అందు లాటిను పేరు ప్రక్కన స్థానికుల పేరు నిచ్చునప్పుడు, ఇది ‘తెలింగలు’ పిలుచు పేరు అని యాతడు వ్రాసెను. మోదుగను మోదుగ యనియే వ్రాసెను. సోమిద మాను పేరు వృక్షశాస్త్రములో ‘సోయ్మిడా’ యని ఒక జాతినామముగా నేటికిని నిలిచియున్నది. చెన్నపట్టణపు కచేరీలో కూర్చున్నవానికి మన భాష జెంటూ. పెద్దాపురపు పొలములలో రైతునడిగి చెట్టు పేరు వ్రాసికొన్నవానికి తెలింగ. ఈ భేదము మాకు చిన్నదిగా తోచలేదు. తెలింగ యను పేరును ఇచ్చటి పెద్దలు త్రిలింగ శబ్దముతో ముడిపెట్టి, శ్రీశైలము, కాళేశ్వరము, మన ద్రాక్షారామము అను మూడు క్షేత్రముల నడిమి దేశమని చెప్పుదురు. ఆ వ్యుత్పత్తి యెట్లున్నను, పేరు మాత్రము ఈ నేలమీదిదే.

జెంటూ పేరు వెనుకకు తగ్గుట యొక మూడు నాలుగేండ్ల పుస్తకములలో కన్నులకు కట్టినట్లు కానవచ్చును. 1814లో శ్రీరామపురమున విలియం కేరీ ప్రకటించిన వ్యాకరణము తెలింగాన భాషా వ్యాకరణము. 1816లో చెన్నపట్టణమున ఏ. డి. క్యాంబెల్ ప్రకటించిన దానికి తెలుగు వ్యాకరణమని పేరు. కాని పేరు క్రిందనే ‘సామాన్యముగా జెంటూ యనబడునది’ యని యొక తోక తగిలించెను. లేనిచో కొనువాని కది యే భాషయో తెలియదు గదా! 1817లో విలియం బ్రౌను ప్రకటించినది తిన్నగా జెంటూ వ్యాకరణమే. మఱుసటి యేట వచ్చిన యాతని పదకోశమును జెంటూ పదకోశమే. నాలుగేండ్లలో ఒకే భాషకు మూడు పేర్లు. ఆ తరువాత 1835లో మోరిస్ నిఘంటువు వచ్చుసరికి తెలుగు పేరే. 1852లో చార్లెసు ఫిలిప్పు బ్రౌను మహాశయుని నిఘంటువు వెలువడునప్పటికి జెంటూ ముసలిమాట యైపోయెను.

ఇంత వేగముగా నేల పోయినది? మా యభిప్రాయ మిది. 1812లో చెన్నపట్టణపు కోటలో కళాశాల నేర్పఱచి కంపెనీ యువకోద్యోగులకు దేశభాషలు నేర్పసాగిరి. అంతకుముందు దుబాసీ నోటితో పని జరుపుకొన్నవారు ఇప్పుడు పండితుల యెదుట కూర్చుండవలసి వచ్చెను. తెలుగు వ్యాకరణములను, మచిలీపట్టణపు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక వంటి కోశములను తెఱచి చూడవలసి వచ్చెను. ఆ గ్రంథములలో తెలుగు, తెనుగు, ఆంధ్రము అను పేర్లు కలవు గాని జెంటూ యెచ్చటను లేదు. ఫ్రాన్సిస్ ఎల్లిస్ క్యాంబెల్ వ్యాకరణమునకు వ్రాసిన ఉపోద్ఘాతములో, తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, తమలో తాము సోదరభాషలనియు ధాతువుల పట్టికలు వేసి చూపెను. భాషను అంత లోతుగా చూచినవానికి బజారున దొరికిన పేరు చాలదు.

దేశమున చచ్చిన మాట సముద్రముమీద బ్రదికెను. ఆఫ్రికా దక్షిణాగ్రమున కేప్‌టౌను బజారు పలుకులో జెంటూ శబ్దమునకు పాఠశాల పత్రికలో వ్రాయదగని యర్థ మొకటి పందొమ్మిదవ శతాబ్దమున నుండెను, దానిని దాటిపోవుదము. ఇంకను దక్షిణమునకు పోయినచో ఫాక్లాండు దీవులలోను, అంటార్కిటికా ద్వీపకల్పమునందును ఒక జాతి పెంగ్విను పక్షికి జెంటూ పెంగ్విను అని పేరు. ముక్కు నారింజవన్నె, నల్లని తలమీద నొక కంటినుండి మఱియొక కంటివఱకు తెల్లని పట్టె. నీటిలో గంటకు 36 కిలోమీటర్ల వేగముతో నీదునని చెప్పుదురు. పెంగ్వినులలో నింత వడి గలది వేఱొకటి లేదు. గులకఱాళ్లు పేర్చి గూడు కట్టుకొనును. ఇరుగుపొరుగు గూళ్లనుండి ఱాళ్లు దొంగిలించుటయు దీనికి వాడుకయే. తలమీది తెల్లని పట్టెను చూచి మనవారి తలపాగా జ్ఞప్తికి వచ్చి నావికులు ఈ పేరు పెట్టిరని కొందఱు చెప్పుదురు. విచిత్ర మేమనగా దీని శాస్త్రనామమును తప్పుడు పేరే. 1781లో ఫార్‌స్టర్ అను పండితుడు దీనికి ‘పాపువా’ యని పేరుపెట్టెను. పాపువా దేశములో నొక్క పెంగ్వినయినను లేదు. పాపము, ఊరు పేరును పరాయిదే, ఇంటి పేరును పరాయిదే! హాల్‌హెడ్ చెప్పిన జంతు వ్యుత్పత్తి మనకు చెల్లలేదు గాని ఈ పక్షికి చక్కగా చెల్లినది.

ఆ పక్షినుండి మాట కంప్యూటరులోనికి దూకినది. లినక్సు అను ఉచిత కార్యనిర్వాహక వ్యవస్థకు పెంగ్విను చిహ్నము. ఆ కుటుంబమున వడిని కోరి నిర్మించిన యొక శాఖకు, వడిగా నీదు పక్షి పేరు తగునని డేనియల్ రాబిన్సు తలచి ‘జెంటూ లినక్సు’ అని పేరిడెను. దాని మొదటి పూర్ణరూపము 2002 మార్చిలో వెలువడెను. కాకినాడలో నింజనీరింగు చదువు తెలుగు విద్యార్థి నేడు దానిని తన యంత్రమునకు ఎక్కించుకొనుచున్నచో, లిస్బను, చెన్నపట్టణము, దక్షిణ మహాసముద్రము చుట్టివచ్చిన తన పాత పేరును ఇంటికి తెచ్చుకొనుచున్నాడన్న మాట.

పరాయివారు మనకు పెట్టిన పేరు లింతతో తీఱలేదు. తెలింగ యను సొంత పేరునకే ఉత్తరదేశమున వేఱర్థము వచ్చినది. 1756లో క్లైవు చెన్నపట్టణమునుండి సిపాయీలను బంగాళమునకు కొనిపోయినపిమ్మట, ఆంగ్లేయుల వేషము వేసి తుపాకి పట్టిన ప్రతి సిపాయియు నచ్చట ‘తిలంగా’ యయ్యెను. సుమారు నూఱేండ్ల తరువాత 1857లో ఢిల్లీలో ప్రవేశించిన తిరుగుబాటు సిపాయీలను గూడ నగరవాసులు తిలంగాలనియే పిలిచిరి. వారిలో నధికులు గంగాతీరపువారు, తెలుగుముక్క యెఱుగనివారు. తూర్పున బర్మాలో మనవారు ‘కోరంగీలు’. మన జిల్లాలోని కోరంగి రేవునుండి యోడ లెక్కినందున వచ్చిన పేరది. 1839 నవంబరు తుపానులో కోరంగి పాడుపడినను, రంగూనులో ఆ పేరు మాత్రము పాడుపడలేదు. విశాఖపట్టణమునుండి పోయిన కూలియు కోరంగీయే. మలయాలో కళింగ శబ్దము ‘క్లింగ్’ అయినది. మలక్కాలో 1748లో కట్టిన మసీదునకు క్లింగువారి పేటపేరే నేటికిని కలదు. ఒకప్పుడు వట్టి దేశనామమైన ఆ మాట, తోటపనికి పోయిన దక్షిణాదివారినందఱిని ఒక్కగాట కట్టి పిలువగా పిలువగా తిట్టుగా మారినది. నేడచ్చటి భారతీయులు దానిని సహింపరు. జెంటూ యనిన నవ్వుకొనుచున్నాము. క్లింగ్ అనిన వారికి నవ్వు రాదు. రెండును పరాయివారు పెట్టిన పేర్లే. ఒకదాని వెనుక విజయనగరపు సింహాసన మున్నది, మఱియొకదాని వెనుక రబ్బరుతోట యున్నది.

మనమును తక్కువ తినలేదు. తమిళమును అరవమంటిమి, చాలదని, రవము లేనిది గాన అరవమని వెక్కిరింత వ్యుత్పత్తియు కల్పించితిమి. తమిళులు మనలను వడుగులన్నారు, అనగా వట్టి ఉత్తరాదివారు. మహమ్మదీయులలో తుర్కీదేశము కన్నులార చూచినవా డొక్కడును లేకున్నను అందఱిని తురకలంటిమి. ఐరోపాలో ఫ్రాంకులను నొక జాతి యుండగా, ఆ పేరు పారసీకమున ఫరంగీ యై, మనకు పరంగి యైనది. పోర్చుగీసువాడు మనలను జెంతియు అనుచున్న దినములలో మనము వానిని పరంగి యనుచుంటిమి. వాడు ఫ్రాంకుడు కాడు, మనము జెంటూలము కాము. ఆ పరంగివాడు తెచ్చిన గొట్టపు ఆయుధమును గూడ ఫిరంగి యంటిమి. 1757 జనవరిలో బొబ్బిలికోటపై బుస్సీ మ్రోగించినవి ఫిరంగులే. ఈ మాటయు నూరుకొనక తిరిగినది. వైద్యుల మూలికలలో పరంగిచెక్క యై చేరెను. దొడ్డిలోని బొప్పాయిని పరంగికాయ యనువారు నేటికిని కొన్ని సీమలలో కలరు.